తక్కువ శ్రమతో పెంచదగిన అక్వేరియం చేపలు

తక్కువ శ్రమతో పెంచదగిన అక్వేరియం చేపలు అనగా, ఎక్కువ అనుభవం గాని తీరిక గాని లేనివారు కూడా ఇంటిలోని గాజు తొట్టిలో ఆరోగ్యంగా పెంచగలిగిన మంచినీటి అలంకార చేపలు. పిల్లల కోరిక మేరకో, ఎవరో బహుమతిగా ఇచ్చినందువల్లనో, అపార్టుమెంటులో కుక్కను గాని పిల్లిని గాని పెంచే వీలు లేకనో, తమకు పెద్దగా ఆసక్తి లేకపోయినా చేపల పెంపకం మొదలుపెట్టేవారు చాలామంది ఉంటారు. ఇటువంటివారు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న, ఏ చేపను పెంచడం తేలిక అన్నది. అయితే ఈ పనిలో పడవలసిన శ్రమ చేప జాతి కంటె ఎక్కువగా తొట్టిలోని నీటి పరిమాణంపైన, ఆ నీటిలో చేరే వ్యర్థాలు ఏమవుతాయన్న దానిపైన ఆధారపడి ఉంటుంది.

చిన్న గాజు గిన్నెలో రెండు గోల్డ్ ఫిష్‌లను ఉంచడం అన్నిటికంటె సులువైన పద్ధతిగా కనిపిస్తుంది. వాస్తవానికి అన్నిటికంటె ఎక్కువ శ్రమ పెట్టేది, చేపలు త్వరగా చనిపోయేది ఈ పద్ధతిలోనే. ఒక మోస్తరు పెద్ద తొట్టి, అందులో కొద్దిపాటి చిన్న చేపలు ఉన్నప్పుడు వారానికి ఒక బకెట్టు నీరు మార్చడంతో పని ముగుస్తుంది.

నేపథ్యం

అలంకారం కోసం చేపలను పెంచడం చైనాలో వెయ్యి సంవత్సరాలకు పైగా ఉన్న ఆచారం. అక్కడి చెరువులలోని బూడిదరంగు కార్పు చేపలలో అరుదుగా పుట్టిన పసుపు, ఎరుపు రంగు చేపలను ఏరి పెంచడం ద్వారా గోల్డ్ ఫిష్ రూపొందినది. చాలాకాలం పాటు వీటిని కొలనులలోను, వెడల్పైన మట్టి, పింగాణీ తొట్లలోను పెంచేవారు. ఇంటిలో గాజు తొట్టిని నిలకడగా నిర్వహించే శాస్త్రీయ పద్ధతి 19వ శతాబ్దంలో ఇంగ్లండులో రూపుదిద్దుకొన్నది. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త గోల్డ్ ఫిష్, వాలిస్నేరియా అనే నీటి మొక్క, నత్తలు కలిపి ఉంచిన తొట్టిలో జీవుల మధ్య సమతౌల్యం ఏర్పడగలదని వివరించాడు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రజల సందర్శన కోసం చేపల గృహం ప్రారంభమైనది. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ రచించిన పుస్తకం ద్వారా 'అక్వేరియం' అనే పదం వ్యాప్తిలోకి వచ్చినది.

గుండ్రని గాజు గిన్నెలలో చేపలను ఉంచడంపై తరువాతి కాలంలో అనేక అభ్యంతరాలు వచ్చాయి. ఇటలీ రాజధాని రోమ్ నగర పాలక మండలి 2005లో ఇటువంటి గిన్నెలను నిషేధించినది.

శ్రమను నిర్ణయించే అంశాలు

నత్రజని చక్రం

చేపలు తమ మొప్పల ద్వారా అమ్మోనియాను నీటిలోకి విసర్జిస్తాయి. చేపల మలము, తినకుండా మిగిలిపోయిన మేత, కుళ్ళిన ఆకులు కూడా చివరకు అమ్మోనియాగా మారతాయి. అమ్మోనియా స్వల్ప పరిమాణంలో ఉన్నా చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. నీటి క్షారత, ఉష్ణోగ్రత పెరిగినకొద్దీ దాని విష ప్రభావం కూడా పెరుగుతుంది. నదులలోను, చెరువులలోను ఈ అమ్మోనియా అపారమైన నీటిలో పలచబడి, బాక్టీరియా చేత మార్పు చెందుతుంది. తొట్టిలో ఈ మార్పు రెండు దశలలో జరుగుతుంది. మొదటి దశలో నైట్రోసోమోనాస్ వంటి బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషపదార్థమే. రెండవ దశలో నైట్రోస్పైరా వంటి బాక్టీరియా దానిని నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ వలన కలిగే హాని చాలా తక్కువ. దీనిని కొంత మొక్కలు పీల్చుకొనగా, మిగిలినది నీరు మార్చినప్పుడు బయటకు పోతుంది.

ఈ బాక్టీరియా నీటిలో కంటె ఎక్కువగా ఫిల్టరులోని స్పాంజిపైన, అడుగున ఉన్న గులకరాళ్ళపైన, మొక్కల ఆకులపైన పలుచని పొరగా పెరుగుతాయి. కొత్త తొట్టిలో ఇవి తగినంతగా వృద్ధి చెందడానికి సాధారణంగా 4 నుండి 6 వారాలు పడుతుంది. తొట్టి, చేపలు ఒకే రోజున కొని తెచ్చిన ఇళ్ళలో మొదటి రెండు మూడు వారాలలోనే చేపలు ఒకదాని తరువాత ఒకటి చనిపోవడానికి ప్రధాన కారణం ఇదే. నీరు కంటికి తేటగా కనిపిస్తున్నా అందులో అమ్మోనియా ఉండవచ్చును కనుక, చాలామంది దీనిని రోగంగానో, దుకాణం వారి మోసంగానో భావిస్తారు.

నీటి పరిమాణం

ఒకే చేప విసర్జించిన అమ్మోనియా 3 లీటర్ల గిన్నెలో కలిసినప్పుడు దాని గాఢత, 60 లీటర్ల తొట్టిలో కలిసినప్పటి కంటె 20 రెట్లు ఎక్కువగా ఉంటుంది. గిన్నెలోని నీరు పగటి వేడికి త్వరగా వేడెక్కి, రాత్రి త్వరగా చల్లబడుతుంది. అందులో ఫిల్టరు అమర్చడానికి చోటు ఉండదు. అందువలన చేప బ్రతకాలంటే గిన్నెలోని నీటిని రోజూ గాని, రోజు విడిచి రోజు గాని మార్చవలసి ఉంటుంది. 60 లీటర్ల తొట్టిలో వారానికి 12 నుండి 15 లీటర్లు మార్చితే సరిపోతుంది.

రెండు అడుగుల పొడవు, ఒక అడుగు వెడల్పు, ఒక అడుగు ఎత్తు గల తొట్టిలో సుమారు 56 లీటర్ల నీరు పడుతుంది. మొదటిసారి చేపలను పెంచేవారికి ఈ పరిమాణం అనువైనది. నీటి బరువే 56 కిలోలు ఉంటుంది కనుక బల్ల గట్టిదై, సమతలంగా ఉండాలి. నీరు నింపిన తరువాత తొట్టిని జరపరాదు.

చేపల ఎంపికలో గమనించవలసిన లక్షణాలు

దుకాణంలో అమ్మే చేపలు చాలావరకు పిల్ల చేపలే. అందువలన అవి అక్కడ కనిపించే పరిమాణాన్ని బట్టి ఎంపిక చేయరాదు. గమనించవలసిన ముఖ్య విషయాలు ఇవి:

• పూర్తిగా ఎదిగిన తరువాత పొడవు. 60 లీటర్ల లోపు తొట్టికి 6 సెంటీమీటర్లు మించని జాతులు తగినవి.
• జీవితకాలం. కొన్ని జాతులు రెండు మూడేళ్ళు, మరికొన్ని పదిహేనేళ్ళకు పైగా జీవిస్తాయి.
• సంఘ స్వభావం. గుంపుగా తిరిగే జాతిని ఒంటరిగా ఉంచినా, ఒంటరిగా ఉండే జాతిని గుంపుగా ఉంచినా అవి బెదురుగానో, కలహశీలంగానో మారతాయి.
• ఇంటికి వచ్చే నీటి స్వభావం. కఠినజలంలో బాగుండే చేపలు, మృదుజలంలో బాగుండే చేపలు వేర్వేరు.
• ఉష్ణోగ్రత. వేసవిలో తొట్టి నీరు 30 డిగ్రీల సెల్సియస్ దాటే ప్రాంతాలలో చల్లని నీటి జాతులు తట్టుకోలేవు.
• సంతానోత్పత్తి. త్వరగా పిల్లలు పెట్టే జాతులు కొద్ది నెలలలో తొట్టిని నింపివేస్తాయి.
• మేత. ఎండు మేతను స్వీకరించే చేపలకు రోజూ బ్రతికిన పురుగులను సమకూర్చవలసిన పని ఉండదు.

అనువైన చేపలు

ఫైటర్ చేప

బెట్టా స్ప్లెండెన్స్ అనే శాస్త్రీయ నామం గల ఈ చేప థాయిలాండు దేశానికి చెందినది. ఆ దేశం 2019లో దీనిని తన జాతీయ జలచరంగా ప్రకటించినది. సుమారు 6 సెంటీమీటర్ల పొడవు పెరిగి, రెండు నుండి నాలుగు సంవత్సరాలు జీవిస్తుంది. మొప్పలతో పాటు లాబిరింత్ అనే ప్రత్యేక అవయవం ఉండడం వలన ఇది నీటి ఉపరితలానికి వచ్చి గాలిని నేరుగా పీల్చుకొనగలదు. నీటిలో ప్రాణవాయువు తగ్గినా బ్రతకగలిగే ఈ గుణం వల్లనే దుకాణాలలో దీనిని చిన్న సీసాలలో, ప్లాస్టిక్ గ్లాసులలో ఉంచి అమ్ముతారు. అయితే గాలి పీల్చే శక్తి దీనిని అమ్మోనియా నుండి కాపాడదు. కనీసం 20 లీటర్ల తొట్టి, నెమ్మదిగా నీటిని కదిలించే స్పాంజి ఫిల్టరు, 24 నుండి 28 డిగ్రీల ఉష్ణోగ్రత దీనికి అవసరం. రెండు మగ చేపలను ఒకే తొట్టిలో ఉంచితే గాయపడేవరకు పోరాడతాయి. ఒకే చేపతో తృప్తిపడగల వారికి, చోటు తక్కువగా ఉన్న ఇళ్ళకు ఇది తగినది. తొట్టిపై మూత ఉండాలి.

గప్పీ

పొయిసీలియా రెటిక్యులాటా అనే ఈ చేప దక్షిణ అమెరికా ఉత్తర తీరానికి, ట్రినిడాడ్ వంటి సమీప దీవులకు చెందినది. ట్రినిడాడ్ నుండి దీని నమూనాలను లండన్‌కు పంపిన రాబర్ట్ జాన్ లెచ్‌మియర్ గప్పీ పేరు మీదుగా ఈ పేరు వచ్చినది. మగవి సుమారు 3 సెంటీమీటర్లు, ఆడవి 5 సెంటీమీటర్ల వరకు పెరుగుతాయి. కఠినజలంలో హాయిగా జీవిస్తాయి. దోమల లార్వాలను తింటాయి కనుక భారతదేశంలో దోమల నివారణ కోసం కూడా వీటిని వాడుతున్నారు.

గప్పీ గుడ్లు పెట్టక నేరుగా పిల్లలను కంటుంది. ఆడ చేప సుమారు నాలుగు వారాలకు ఒకసారి ఈనుతుంది. ఒకసారి మగ చేపతో కలిసిన తరువాత వీర్యాన్ని నిలువ ఉంచుకొని కొన్ని నెలల పాటు పిల్లలను కనగలదు. దుకాణం నుండి తెచ్చిన ఆడ చేప దాదాపు ఎప్పుడూ గర్భంతోనే ఉంటుంది. కాబట్టి పని పెరగకూడదని కోరుకొనేవారు ఐదారు మగ చేపలను మాత్రమే తెచ్చుకొనడం ఉత్తమం. రంగురంగుల తోకలు ఉండేవి కూడా మగవే. ఇదే వర్గానికి చెందిన ప్లాటీ చేపలకు కూడా ఇవే సూచనలు వర్తిస్తాయి.

జీబ్రా చేప

డేనియో రెరియో అనే ఈ చేప భారతదేశం, నేపాల్, బంగ్లాదేశ్‌లలోని వాగులు, వరిపొలాలు, మడుగులలో సహజంగా నివసిస్తుంది. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపలపై ప్రచురించిన గ్రంథంలో దీనిని వర్ణించాడు. సుమారు 4 సెంటీమీటర్ల పొడవు ఉండి, ఒంటి పొడవునా అడ్డంగా నీలిరంగు చారలు కలిగి ఉంటుంది. 18 నుండి 28 డిగ్రీల వరకు విస్తృతమైన ఉష్ణోగ్రతలను తట్టుకొంటుంది. పెంచడం తేలిక కావడం, పిండం పారదర్శకంగా ఉండడం వలన జీవశాస్త్ర ప్రయోగశాలలలో కూడా దీనికి ప్రాముఖ్యత ఏర్పడినది. అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జి స్ట్రైసింగర్ చేసిన కృషి ఇందుకు పునాది వేసినది.

ఇది చురుకైన చేప. ఆరు నుండి ఎనిమిది చేపల గుంపుగాను, కనీసం రెండు అడుగుల పొడవు గల తొట్టిలోను ఉంచాలి. రెండు మూడు చేపలను మాత్రమే ఉంచితే ఒకదానిని మరొకటి తరుముతాయి. ఇవి ఎగిరి బయట పడగలవు కనుక మూత తప్పనిసరి.

తేనె గౌరామి

ట్రైకోగాస్టర్ చూనా అనే ఈ చేప కూడా భారతదేశం, బంగ్లాదేశ్‌లకు చెందినదే. 5 సెంటీమీటర్ల లోపే పెరుగుతుంది. ఫైటర్ చేప వలె గాలిని పీల్చుకొనగలదు, అయితే దానికంటె శాంత స్వభావం కలది. నీటి మొక్కలు ఉన్న తొట్టిలో రెండు మూడు చేపలను ఉంచవచ్చును. దీనిని పోలిన డ్వార్ఫ్ గౌరామి ఎక్కువ రంగులతో ఆకర్షిస్తుంది గాని, ఒక వైరస్ వ్యాధికి తరచుగా లోనవుతున్నందున కొత్తవారికి అంత అనువైనది కాదు.

సులభమని పొరబడే చేపలు

• గోల్డ్ ఫిష్: మామూలు రకాలు 30 సెంటీమీటర్ల వరకు, గుండ్రని శరీరం గల రకాలు 15 నుండి 20 సెంటీమీటర్ల వరకు పెరుగుతాయి. పదేళ్ళకు పైగా జీవించడం సాధారణం. ఇంగ్లండులో ఒక గోల్డ్ ఫిష్ 43 సంవత్సరాలు జీవించి 1999లో మరణించినది. విపరీతంగా తిని, ఎక్కువ వ్యర్థాలను విసర్జించే ఈ చేపకు పెద్ద తొట్టి గాని, కొలను గాని కావాలి.
• సక్కర్ చేప: తొట్టి గోడలపై నాచును తిని శుభ్రం చేస్తుందని దీనిని అమ్ముతారు. చేతివేలంత పిల్ల కొద్ది సంవత్సరాలలో 30 సెంటీమీటర్లు దాటుతుంది. అది తినే నాచు కంటె విసర్జించే మలమే ఎక్కువగా ఉంటుంది.
• 'షార్క్' పేరుతో అమ్మే చేప: ఇది సొరచేప కాదు. ఆంధ్ర ప్రదేశ్‌లోని చేపల చెరువులలో ఆహారం కోసం పెంచే పంగాసియస్ చేపయే. ఒక మీటరుకు పైగా పెరగగలదు.
• ఆస్కార్, ఆరోవానా: వాస్తు పేరిట, అదృష్టం పేరిట కొనేవారు ఎక్కువ. ఆస్కార్ 30 సెంటీమీటర్లకు, ఆరోవానా 60 సెంటీమీటర్లకు మించి పెరిగే వేటచేపలు.
• నియాన్ టెట్రా: చిన్నదే అయినా మృదుజలాన్ని కోరుతుంది. కొత్త తొట్టిలో నిలదొక్కుకోవడం కష్టం.
• సముద్రపు చేపలు: ఉప్పునీటి తొట్టి నిర్వహణ ఖర్చుతోను, నైపుణ్యంతోను కూడినది. వీటిలో అధికభాగం సముద్రం నుండి పట్టి తెచ్చినవే.

తెలుగు ప్రాంతాల నీరు, వాతావరణం

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో అనేక చోట్ల బోరుబావి నీరు కఠినజలం. బకెట్లపైన, కుళాయిలపైన తెల్లని పొర ఏర్పడడం దీనికి గుర్తు. ఇటువంటి నీటిలో గప్పీ, ప్లాటీ వంటివి చక్కగా పెరుగుతాయి. తాగడానికి వాడే ఆర్.ఓ. నీరు చేపలకు మరింత మంచిదన్న భావన సరి కాదు. అందులో లవణాలు దాదాపు పూర్తిగా తొలగిపోయి ఉంటాయి.

పురపాలక సంఘాలు సరఫరా చేసే నీటిలో క్లోరిన్ ఉంటుంది. ఇది చేపల మొప్పలకు, ఉపయోగకరమైన బాక్టీరియాకు కూడా హాని చేస్తుంది. నీటిని వెడల్పాటి బకెట్టులో ఒక రోజు పాటు మూత లేకుండా ఉంచినప్పుడు క్లోరిన్ చాలావరకు పోతుంది. అక్వేరియం దుకాణాలలో లభించే సోడియం థయోసల్ఫేట్ మందు కూడా దీనిని తొలగిస్తుంది.

నీరు వేడెక్కినకొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల వద్ద ఒక లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు కరుగగా, 30 డిగ్రీల వద్ద సుమారు 7.5 మిల్లీగ్రాములు మాత్రమే కరుగుతుంది. వేసవిలో చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరుస్తూ ఉంటే ఆకలి అని పొరబడి మేత వేయడం కద్దు. అది ప్రాణవాయువు కొరత అయ్యే అవకాశం ఎక్కువ. అప్పుడు మేత ఆపి, గాలి పంపు వేసి, కొంత నీరు మార్చాలి. తొట్టిని ఎండ పడే కిటికీ వద్ద ఉంచరాదు. జాలి మూత వేసి, ఫ్యాను గాలి నీటి ఉపరితలంపై పడేటట్లు చేస్తే నీరు కొంత చల్లబడుతుంది. ఉత్తర తెలంగాణ వంటి చోట్ల చలికాలపు రాత్రులలో ఫైటర్ చేపకు చిన్న హీటరు అవసరం కావచ్చును.

కరెంటు పోయినప్పుడు తక్కువ చేపలున్న తొట్టికి కొన్ని గంటల పాటు ప్రమాదం ఉండదు. ఎక్కువసేపు పోయే చోట ఇన్వర్టరుకు గాని, బ్యాటరీ గాలి పంపుకు గాని ఏర్పాటు ఉండాలి. 5 వాట్ల ఫిల్టరు రాత్రింబగళ్ళు నడిచినా నెలకు 3.6 యూనిట్ల విద్యుత్తు మాత్రమే ఖర్చవుతుంది. కనుక పొదుపు కోసం రాత్రిపూట దానిని ఆపడం వలన ప్రయోజనం కంటె నష్టమే ఎక్కువ.

దోమల మందులలో వాడే పైరిత్రాయిడు రసాయనాలు చేపలకు తీవ్రమైన విషం. గాలి పంపు గదిలోని గాలిని నీటిలోకి పంపుతుంది కాబట్టి, చేపలున్న గదిలో స్ప్రేలు, ద్రవరూపంలోని దోమల మందులు వాడరాదు.

తొట్టిని సిద్ధం చేసే క్రమం

1. తొట్టిని సబ్బు వాడకుండా కడిగి, కడిగిన గులకరాళ్ళు వేసి, క్లోరిన్ తొలగిన నీటితో నింపాలి.
2. స్పాంజి ఫిల్టరును అమర్చి నిరంతరాయంగా నడపాలి.
3. చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వేస్తూ ఉంటే అది కుళ్ళి, బాక్టీరియాకు కావలసిన అమ్మోనియా లభిస్తుంది. తెలిసినవారి పాత తొట్టి నుండి వాడుకలో ఉన్న స్పాంజి ముక్క తెచ్చి ఫిల్టరు వద్ద ఉంచితే ఈ దశ త్వరగా ముగుస్తుంది. అయితే ఆ తొట్టిలోని చేపలు ఆరోగ్యంగా ఉండాలి.
4. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయినట్లు పరీక్ష పట్టీల ద్వారా గాని, చుక్కల మందు ద్వారా గాని తెలుసుకొన్న తరువాతనే చేపలను తేవాలి.
5. చేపలున్న సంచిని పావుగంట పాటు తొట్టి నీటిపై తేలనిచ్చి, కొద్దికొద్దిగా తొట్టి నీటిని సంచిలో కలుపుతూ, చివరకు చేపలను మాత్రమే వలతో తొట్టిలోకి మార్చాలి. దుకాణపు నీటిని తొట్టిలో పోయరాదు.
6. మొదట రెండు మూడు చేపలను మాత్రమే తెచ్చి, రెండు వారాల తరువాత మిగిలినవి చేర్చాలి. గుంపుగా బ్రతికే జీబ్రా చేపల విషయంలో ఎక్కువకాలం జాప్యం చేయరాదు.

చనిపోయిన చేపలు కనిపించే దుకాణపు తొట్ల నుండి, ఒంటిపై తెల్లని చుక్కలు గాని ముడుచుకొన్న రెక్కలు గాని ఉన్న గుంపు నుండి చేపలను కొనరాదు. సూదితో రంగు ఎక్కించిన చేపలు కూడా కొన్నిచోట్ల లభిస్తాయి. ఆ రంగు నిలువదు, చేప ఆరోగ్యం దెబ్బతింటుంది.

తొట్టిలో వాలిస్నేరియా, జావా ఫెర్న్ వంటి మొక్కలు ఉంటే నైట్రేట్ తగ్గుతుంది. వీటిని పెంచలేనివారు మనీప్లాంట్ తీగను ఆకులు పైకి, వేళ్ళు నీటిలోకి ఉండేటట్లు తొట్టి అంచున అమర్చవచ్చును. దాని వేళ్ళు నైట్రేట్‌ను బాగా పీల్చుకొంటాయి.

నిర్వహణ

రోజూ ఒకసారి, రెండు నిమిషాలలో చేపలు తినగలిగినంత మేత మాత్రమే వేయాలి. ఇంట్లో ఒకరు వేసినది మరొకరికి తెలియక నలుగురూ మేత వేయడం తరచుగా జరిగే పొరపాటు. మేత వేసే బాధ్యత ఒకరికే అప్పగించడం, లేదా వారానికి సరిపడా మేతను ఏడు పొట్లాలుగా కట్టి ఉంచడం దీనికి మంచి ఉపాయం. అన్నం మెతుకులు, బొరుగులు, రొట్టెముక్కలు వేయరాదు. వారంలో ఒకరోజు మేత మానివేసినా నష్టం లేదు. ఎదిగిన ఆరోగ్యవంతమైన చేపలు ఐదారు రోజులు మేత లేకుండా ఉండగలవు. అందువలన పండుగకు ఊరు వెళ్ళేటప్పుడు పొరుగువారికి మేత డబ్బా ఇచ్చి వెళ్ళడం కంటె, ఏమీ వేయకుండా వెళ్ళడమే క్షేమం.

వారానికి ఒకసారి నాలుగవ వంతు నీటిని అడుగున ఉన్న మురికితో సహా గొట్టంతో తీసి, అంతే కొత్త నీటిని పోయాలి. తీసిన నీటిని పూలమొక్కలకు పోయవచ్చును. ఇంకినంత నీటిని పైనుంచి పోసి ఊరుకోవడం నీరు మార్చడం కాదు. ఆవిరిగా పోయేది స్వచ్ఛమైన నీరు మాత్రమే, లవణాలు, నైట్రేట్ తొట్టిలోనే మిగిలిపోతాయి.

నెలకు ఒకసారి స్పాంజిని తొట్టి నుండి తీసిన పాత నీటిలోనే పిండాలి. కుళాయి కింద కడిగినా, ఎండలో ఆరబెట్టినా అందులోని బాక్టీరియా నశిస్తుంది. తొట్టిని మొత్తం ఖాళీ చేసి, రాళ్ళతో సహా తోమి కడగడం శుభ్రతగా కనిపించినా, దానివలన తొట్టి మళ్ళీ మొదటి దశకు వెళుతుంది. చేతికి గాయాలు ఉన్నప్పుడు తొట్టిలో చేయి పెట్టరాదు. పని ముగిసిన తరువాత చేతులు సబ్బుతో కడుగుకొనాలి.

ఆరుబయటి తొట్లు

పెరడు గాని, బాల్కనీ గాని ఉన్నవారికి తెలుగు ప్రాంతాల వాతావరణంలో ఇంతకంటె తేలికైన పద్ధతి మరొకటి కలదు. 100 లీటర్లు లేదా అంతకు మించిన సిమెంటు తొట్టిలో కలువ గాని, ఇతర నీటి మొక్కలు గాని పెంచి, అందులో కొద్ది గప్పీలను వదిలితే ఫిల్టరు, కరెంటు లేకుండానే అవి జీవిస్తాయి. దోమల లార్వాలు వాటికి మేతగా ఉపయోగపడతాయి. కొత్త సిమెంటు తొట్టి నీటిని క్షారవంతం చేస్తుంది కనుక కొన్ని వారాల పాటు నీరు నింపుతూ పారబోస్తూ ఉండి, తరువాతనే చేపలను వదలాలి. మధ్యాహ్నపు ఎండ నుండి నీడ అవసరం. పిల్లులు, లకుముకి పిట్టల నుండి రక్షణగా జాలి వేయాలి. వానకు తొట్టి పొంగి చేపలు మురుగు కాలువలోకి పోకుండా అంచు కింద జాలి కట్టిన రంధ్రం ఉంచాలి.

నొప్పి, జ్ఞాపకశక్తి

చేపలకు నొప్పి తెలియదని, జ్ఞాపకశక్తి మూడు సెకన్లేనని ప్రచారంలో ఉన్నది. గోల్డ్ ఫిష్ నేర్చుకొన్న విషయాలను వారాలు, నెలల తరబడి గుర్తుంచుకొనగలదని ప్రయోగాలలో తేలినది. 2003లో బ్రిటన్‌కు చెందిన లిన్ స్నెడ్డన్, ఆమె సహచరులు రెయిన్‌బో ట్రౌట్ చేపల తలభాగంలో హానికర స్పర్శను గ్రహించే నాడులు ఉన్నాయని, బాధ కలిగినప్పుడు వాటి ప్రవర్తన మారుతుందని చూపారు. చేపలు నొప్పిని ఏ విధంగా అనుభవిస్తాయన్న దానిపై శాస్త్రవేత్తలలో చర్చ కొనసాగుతున్నా, వాటిని అలంకార వస్తువులుగా చూడరాదన్న అభిప్రాయం బలపడినది.

పెంపకం మానుకోవలసిన సందర్భాలు

వారానికి ఒక బకెట్టు నీరు మార్చే బాధ్యతను ఇంటిలో పెద్దవారు ఎవరూ తీసుకోలేనప్పుడు చేపలను పెంచకపోవడమే మంచిది. పిల్లలు ఆ బాధ్యతను పూర్తిగా నిర్వహిస్తారని ఆశించడం సరి కాదు. తరచుగా ఇల్లు మారేవారు, నెలల తరబడి ఊరిలో ఉండనివారు కూడా మానుకొనడం మేలు. పుట్టినరోజు విందులలో వచ్చినవారికి సంచులలో ఫైటర్ చేపలను కానుకగా ఇవ్వడం వలన, సిద్ధంగా లేని ఇళ్ళకు ప్రాణులను పంపినట్లవుతుంది.

పెంచలేని చేపలను చెరువులో గాని, కాలువలో గాని వదిలివేయడం పుణ్యకార్యమని కొందరు భావిస్తారు. ఇది చేపకు, చెరువుకు కూడా హానికరం. ఈ విధంగా అక్వేరియంల నుండి బయటపడిన సక్కర్ చేపలు ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలోని చెరువులలో, కాలువలలో వ్యాపించాయి. జాలరులు వీటిని దెయ్యం చేపలని పిలుస్తారు. గట్టి పొలుసులు, ముళ్ళ వలన ఇవి వలలను చింపుతాయి, అమ్మకానికి పనికిరావు, స్థానిక చేపల మేతను, గుడ్లను తింటాయి. హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధకులు 2020 దశకంలో, నీటిలోని డీఎన్ఏ ఆనవాళ్ళ ఆధారంగా తూర్పు కనుమల జలవనరులలో వీటి వ్యాప్తిని గుర్తించారు. దోమల నివారణకు ఉపయోగపడే గప్పీ, గంబూసియాలు కూడా వాగులలోకి చేరినప్పుడు స్థానిక చిన్న చేపలతో పోటీపడతాయి. కావున పెంచలేని చేపలను కొన్న దుకాణానికి తిరిగి ఇవ్వడం గాని, పెద్ద తొట్టి గల ఇతర పెంపకందారులకు అప్పగించడం గాని చేయాలి.